నాటి వీరులా? నేటి వీరులా?

క్రికెట్టాటలో నాటివారు గొప్పవారా, నేటివారు గొప్పవారా యని మన బాలురు విరామసమయమున తరచుగా వాదులాడుచుందురు. పరుగుల పట్టికనుబట్టి యిట్టి తీర్పు చెప్పుట న్యాయము కాదని నా యభిప్రాయము.

ఆంధ్రవంశజుడగు సి. కె. నాయుడు 1932లో లార్డ్సు మైదానమున భారతజట్టునకు ప్రథమ టెస్టు నాయకుడయ్యెను. ఆయనకు లభించిన టెస్టు పందెములు 7 మాత్రమే. చేసిన పరుగులు 350. నేటివారు ఒక్క సంవత్సరముననే యంతకంటె నెక్కువ టెస్టులాడుచున్నారు. నాడు శిరస్త్రాణము లేదు. ఇంగ్లాండులో పిచ్ వానకు తడిసినను దానిపైననే యాడవలసి యుండెను. అయినను 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై నాయుడు 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు! 2005లో మన విశాఖపట్టణమున ఏకదినపందెములో ధోనీ పాకిస్థానుపై 123 బంతులలో 148 పరుగులు చేసెను. ఈ రెండింటిని ఒకే త్రాసునందు తూచుట యెట్లు?

సువార్తలోని యజమానుడు ఐదు తలాంతుల దాసునికిని, రెండు తలాంతుల దాసునికిని ఒకే మెప్పు నొసగెను. పొందినదానితో నెవడెంత చేసెననునదే సరియైన కొలత. తమ కాలపు మార్కులతో కుమారుల మార్కులను పోల్చు తండ్రులును, తండ్రుల కాలమును చులకన చేయు కుమారులును దీనిని మఱువకుందురు గాక!