నిద్రలేని కన్నులకు న్యాయమేది?

1991 ఆగస్టు 6వ తేదీన నాటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులు కులద్వేషమునకు బలియైరి. శవములను గోనె సంచులలో కుక్కి కాలువలో పడవేసిరి. ఆ ఊరిలోనే ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో ఉన్నత న్యాయస్థానము వారిని నిర్దోషులని విడిచిపెట్టెను.

చచ్చినవారి లెక్క వ్రాయబడినది. బ్రదికినవారి లెక్క ఎవరు వ్రాసిరి? ఇట్టి ఊళ్లలో కుక్క మొరిగిన ఉలికిపడి లేచు తల్లులున్నారు. గుంపు కేక విన్నంతనే గుండె దడదడలాడు యువకులున్నారు. అట్టివారిని చూచి మన పెద్దలు, "ఇది అవిశ్వాసము; క్షమించి మరచిపొమ్ము" అందురు. ఎంత కఠినమైన మాట! కత్తిపోటు తగిలినవానితో ఇట్లందుమా?

యెజెబెలు ప్రాణము తీసెదనని బెదిరించినప్పుడు ఏలీయా పారిపోయి, బదరీవృక్షము క్రింద చావు కోరెను. దేవుడు గద్దించెనా? దూత మొదట రొట్టెయు నీళ్లును ఇచ్చెను; మరల నిద్రపోనిచ్చెను. ప్రవక్తకు కలిగినది మన పొరుగువానికి కలిగిన సిగ్గెందుకు?

ఇది పిచ్చి కాదు, పిరికితనము కాదు; గాయము. ఏండ్లు గడచినను తనంతట మానకపోవచ్చును. అయితే శిక్షణ పొందినవారు ఓర్పుతో మాటలాడించుట వలనను, అవసరమైనచో మందుల వలనను అనేకులకు నెమ్మది కలుగును.

దౌర్జన్యముల నివారణకై 1995లో చేసిన నియమములలో ప్రాణమునకు, గాయమునకు, కూలిన ఇంటికి పరిహారమున్నది. మంచిదే. పోయిన నిద్రకు ఏ గుమాస్తా వెల కట్టును? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 18వ సెక్షనులో, ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స ప్రతివాని హక్కని చెప్పుచున్నది. కులమును, మతమును, రాజకీయాభిప్రాయమును బట్టి భేదము చూపరాదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అది ఉచితము. ఇది అధికారుల దయ కాదు, భిక్ష కాదు. అయినను దినకూలి విడిచి, బస్సు ఛార్జీ పెట్టుకొని, జిల్లా ఆసుపత్రికి పోగల విధవరాలెవరు? దగ్గరకు రాని హక్కు కాగితపు హక్కే.

కాబట్టి సంఘపెద్దలారా, పరిహారపు అర్జీ వ్రాయునప్పుడు మనోవైద్యమును కూడ అడుగుడి. 14416 నంబరునకు ఫోను చేసిన, ప్రభుత్వపు టెలి మానస్ సేవలో శిక్షణ పొందినవారు ఉచితముగా మాటలాడుదురు. ఆ నంబరు గుడి గోడమీద వ్రాయుడి. ఆసుపత్రికి పోవువానితో ఒకరు తోడు వెళ్లుడి. ప్రార్థన మానవద్దు, ప్రార్థన పేరట వైద్యమును మాన్పింపవద్దు.