దోరమామిడికి మూడు రంగులు

నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే ఆటల యంత్రంలో పెట్టి నిజంగా ఆడుకోగల ఆటలకు బొమ్మలు గీసేవాళ్లం మేము. చిన్నప్పుడు మాకు ఆ పేరే తెలీదు. దాని నకళ్లను టీవీకి తగిలించి, క్యాసెట్‌ను ఉఫ్‌మని ఊది, మారియో ఆడినవాళ్లమే అందరం. ఇప్పుడు ఏం చేస్తామో, ఏం చేయమో రాసిపెట్టుకుంటున్నాం.

తెరమీద ఒకేసారి 25 రంగులకు మించనివ్వం. నేపథ్యానికి 4 పాలెట్లు, స్ప్రైట్లకు, అంటే కదిలే బొమ్మలకు 4, ఒక్కోదానిలో 3 రంగులు, అన్నిటి వెనకా ఉమ్మడిగా ఒకటి. ఏరుకోవడానికి యంత్రంలో ఉన్నవే సుమారు 54. అయితే రంగులు తగ్గించి రెట్రో అనిపించుకోవడం ఎవరైనా చేస్తారు. చెమటలు పట్టించేది గడి. నేపథ్యంలో 16×16 పిక్సెళ్ల గడికి ఒక్కటే పాలెట్. గోడది ఒక పాలెట్, తీగది ఇంకొకటి అయితే తీగ తన గడి దాటకూడదు. దాటిందా, ఆకు కొసకు ఇటుక రంగు అంటుకుంటుంది. ఈ గడిని లెక్కచేయని బొమ్మ ఎంత ముద్దొచ్చినా మా ఆటలోకి రాదు.

ఒకే బొమ్మను రెండుచోట్ల వాడటానికి సిగ్గుపడం. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘమూ పొదా ఒకే బొమ్మ, పాలెట్ వేరు. వందసార్లు ఆడాం, ఒక్కరికైనా తట్టిందా! నాణెం మెరుపూ అంతే: బొమ్మ కదలదు, పాలెట్‌లో ఒక్క రంగు మారుతూ ఉంటుంది.

మొహానికి మూడు రంగులు చాలకపోతే 1987 మెగా మ్యాన్‌లో చేసినట్టు మొహాన్ని వేరే స్ప్రైట్‌గా ఒంటిమీద అతికిస్తాం. కాకపోతే తెరమీద ఒక అడ్డగీతలో 8 స్ప్రైట్లే కనిపిస్తాయి, తొమ్మిదోది మాయం. శత్రువులు గుంపుగా వచ్చే ఆటలో మా హీరోకు ఆ ముస్తాబు ఉండదు.

నలుపు కోసం 0డి అనే రంగు ముట్టుకోం. నలుపుకన్నా కిందికి దిగే సిగ్నల్ అది, కొన్ని టీవీలు తట్టుకోలేవు. మాలో ఒకరు ఆ రంగుతో గీసిన అర్ధరాత్రి దృశ్యం కంప్యూటర్‌లో ఎంతో బాగుంది. ఇంట్లోని పాత టీవీలో పెడితే తెరంతా ఊగిపోయింది. అందుకే ట్యూబు టీవీలో చూడందే ఏ బొమ్మా ఖాయం చేయం.

హద్దు దాటేవాళ్లతో మాకు తగువు లేదు. 2014లో వచ్చిన షవల్ నైట్ అనే ఆటను తీసినవాళ్లు ఆ యంత్రంలో లేని రంగులు కొన్ని కలిపారు, కలిపామని తామే చెప్పారు. గుట్టుగా కలిపేసి అచ్చం ఆనాటిదేనని అమ్మేవాళ్లతోనే మా పేచీ.

మాతో చేరాలంటే ఒక్క గడి గీసి తెండి. 16×16లో ఒక దోరమామిడి. పచ్చకు ఒకటి, పసుపుకు ఒకటి, అంచుకు ఒకటి, మూడూ అయిపోయాయి. మెరుపు ఎక్కడినుంచి తెచ్చారో చూస్తాం.