బియ్యం బస్తా ధర దుకాణంలో తేలదు

సోనా మసూరి ఇరవై పౌండ్ల బస్తా పెద్ద స్టోర్లో రెండు డాలర్లు తక్కువకు దొరుకుతోందంటే మనలో చాలామంది కారు అటే తిప్పుతాం. నేనూ తిప్పుతాను. అందులో తప్పేమీ లేదు. కానీ ఇంటి దగ్గరి చిన్న దుకాణం ఆయన్ని పట్టుకుని ‘మనవాడే మనల్ని దోచుకుంటున్నాడు’ అని వాట్సాప్ గ్రూపుల్లో రాసేస్తుంటారు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడదు. ఆ రెండు డాలర్ల తేడా ఆయన చేతిలో పుట్టింది కాదు.

లెక్క చూద్దాం. మిర్యాలగూడలోనో రాయచూరు వైపో మిల్లులో బస్తాకెక్కిన బియ్యం ఎగుమతిదారు, ఓడ, ఇక్కడి దిగుమతిదారు, గోడౌన్, ట్రక్కు దాటుకుని మన దగ్గరికి వస్తుంది. ఇరవై అడుగుల కంటెయినర్‌లో సుమారు 20 టన్నుల బియ్యం పడుతుంది. అంటే ఇరవై పౌండ్ల బస్తాలు దాదాపు 2,200. వారానికి 60 బస్తాలు అమ్మే దుకాణానికి అది ఎనిమిది నెలల సరుకు. అంత డబ్బు ముందే పెట్టి, అంత చోటు అద్దెకు తీసుకుని, పురుగు పట్టకుండా కాపాడుకోవడం ఒక్క దుకాణానికి అయ్యే పని కాదు. అందుకే డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నుంచి కొంచెం కొంచెంగా తెప్పించుకుంటారు. కొంచెంగా కొనేవాడికి పడే ధర ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

పెద్ద స్టోర్ల దారి వేరు. 1974లో షికాగో డెవాన్ అవెన్యూలో ఒక్క దుకాణంతో మొదలైన పటేల్ బ్రదర్స్ ఇప్పుడు దేశమంతటా విస్తరించింది. ఆ కుటుంబానికే దిగుమతి వ్యాపారమూ, ‘స్వాద్’ అనే సొంత బ్రాండూ ఉన్నాయి. ఓడ దగ్గర్నుంచి బిల్లు కౌంటర్ దాకా సరుకు ఒకే ఇంటి మనుషుల చేతుల మీదుగా నడిస్తే మధ్యలో ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు. వాళ్ల కష్టానికి దక్కిన ఫలం అది, నాకేమీ ఈర్ష్య లేదు.

మధ్యలో ఉన్న దిగుమతిదారు ఊరికే కూర్చుని తింటున్నాడనీ అనలేం. 2011 నాటి ఆహార భద్రత చట్టం తర్వాత, ఇండియాలో ఆ సరుకు తయారుచేసినవాడు నిబంధనలు పాటిస్తున్నాడో లేదో చూసుకుని, కాగితాలతో సహా రుజువు చూపాల్సిన బాధ్యత ఇక్కడి దిగుమతిదారు మీదే పడింది. ఎఫ్‌డీఏ కంటెయినర్‌ను ఆపిందంటే రేవు అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. ఆ ఖర్చంతా చివరికి బస్తా మీదే పడుతుంది. (కరివేపాకు కథ వేరు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద బతుకుతుందని విదేశాల తాజా ఆకును అసలు రానివ్వరు. ఇక్కడ పండిందే మన పోపులో పడాలి.)

2023 జులై గుర్తుందా? ఆ నెల 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించగానే జనం దుకాణాల మీద పడ్డారు. కొన్నిచోట్ల కుటుంబానికి ఒక్క బస్తానే అని బోర్డులు పెట్టారు. నిజానికి ఆ వారం మనం మోసుకెళ్లిన బస్తాలన్నీ నిషేధానికి ముందే ఓడ దిగినవి. కొరత వచ్చింది మన భయం వల్ల. నిషేధం 2024 సెప్టెంబరు చివరిదాకా సాగింది. అప్పుడు గోడౌన్ ఉన్నవాడు నిలబడ్డాడు. రేపటి సరుకు కోసం ఇవాళ ఫోన్ చేసి బతిమాలుకునేవాడు మాత్రం ఖాళీ అరల ముందు నిలబడి మన తిట్లు తిన్నాడు.

మా ఎడిసన్ దగ్గర అలాంటి దుకాణదారు ఒకాయన, ఖమ్మం వైపు మనిషి, లీజు అయిపోగానే మూసేస్తానంటున్నారు. బియ్యం మీద తనకేమీ మిగలదనీ, బియ్యానికి వచ్చినవాళ్లు పచ్చళ్లూ పిండివంటలూ కొంటేనే అద్దె వెళుతుందనీ అంటారాయన. ఇప్పుడు బియ్యానికే జనం రావడం లేదు. ఆయన మూసేస్తే ఎవరికి నష్టం? కారు నడపలేని అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు నడిచి వెళ్లగలిగేది ఆ దుకాణానికే. ఉగాదికి వేపపువ్వు, వినాయక చవితికి పత్రి, పూతరేకులు, ఉలవచారు అడిగితే తెప్పించేదీ ఆయనే. వందల మైళ్ల అవతల కూర్చుని అన్ని స్టోర్లకూ ఒకే జాబితా రాసేవారికి వేపపువ్వు గుర్తుండకపోతే వాళ్లను తప్పుపట్టలేం.

దీనికి దారి మా న్యూజెర్సీలోనే ఉంది. ఎడిసన్‌లో మనం పాలకీ గుడ్లకీ వెళ్లే షాప్‌రైట్‌ను చాలామంది ఒకే కంపెనీ గొలుసు అనుకుంటారు. కాదు. ఆ స్టోర్ల యజమానులు వేరువేరు కుటుంబాలు. వాళ్లందరి ఉమ్మడి సహకార సంస్థ వేక్‌ఫెర్న్. పెద్ద గొలుసు దుకాణాలకు దొరికే ధర తమకు దొరకడం లేదని 1946లో ఇక్కడి చిన్న కిరాణా వ్యాపారులు కొందరు కలిసి కొనడం మొదలుపెట్టారు. గోడౌన్ ఉమ్మడిది, కొట్టు ఎవరిది వారిదే. ఇప్పుడది దేశంలోని పెద్ద సహకార సంస్థల్లో ఒకటి.

మన దుకాణదారులు ఇది ఎందుకు చేయలేదు? ‘నా ధర పక్కవాడికి తెలిసిపోతుంది’ అనే భయం ఒకటి, ‘పెత్తనం ఎవరిది’ అనే పేచీ ఒకటి. రెండోది మన సంఘాలను చూసినవారికి వివరించక్కర్లేదు. చట్టం అడ్డొస్తుందనే వాదన మాత్రం బలంగా లేదు. కలిసి కొనడం ఇక్కడ దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతే. కలిసి అమ్మకపు ధర నిర్ణయించుకుంటేనే చిక్కు, దానికి లాయర్ సలహా తీసుకోవాలి. పోటీలో ఉన్న చిన్న కొట్టుకో ధర, పెద్ద కొట్టుకో ధర పెట్టి పోటీని దెబ్బతీయకూడదని 1936 నాటి రాబిన్సన్-పాట్‌మన్ చట్టం కూడా ఉంది. కానీ ఆ చట్టం కింద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 డిసెంబరులో ఒక మద్యం డిస్ట్రిబ్యూటర్ మీద కేసు వేయడం రెండు దశాబ్దాల్లో మొదటిసారి. కోర్టు మన కొట్టును కాపాడుతుందని కూర్చుంటే లీజులు ఆగవు.

పది దుకాణాలు కలిస్తే వారానికి ఆరు వందల బస్తాలు. కంటెయినర్ ఒక నెలలోపే ఖాళీ అవుతుంది. ముందుగా ఒక్క బియ్యంతో మొదలుపెట్టొచ్చు. కాగితాల పనికి అర్హత ఉన్న మనిషి జీతం పది వాటాలవుతుంది. వేసవి మహాసభలకు మన దుకాణదారులు స్టాళ్లు పెట్టడానికి ఎలాగూ వస్తారు. సాంస్కృతిక కార్యక్రమాల మధ్య వాళ్లకో గదీ, రెండు గంటల సమయమూ, సహకార సంఘాల పని తెలిసిన ఒక లాయరూ ఇవ్వమని సంఘాల పెద్దలను అడుగుతున్నాను.