పైన గది వేసే ముందు కింది గోడ, పెట్టెలోని పత్రం చూడండి

మన సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్ళు ఇదివరకు పిల్లల తెలుగు తరగతి గురించో, కుల ధ్రువపత్రం గురించో అడిగేవారు. కొంతకాలంగా వినబడుతున్న మాట వేరు. "కార్యదర్శిగారూ, మిద్దెమీద ఒక గది వేసుకోవాలి, తక్కువలో ఎట్లా అవుతుంది?" కొడుక్కి పెళ్ళి కుదిరిన ఇల్లు, చెన్నైలో ఉద్యోగం పోయి కొడుకు తిరిగొచ్చిన ఇల్లు, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అత్తగారిని తెచ్చుకున్న ఇల్లు. వేలూరులో ఇంకో కారణమూ ఉంది. సి.ఎం.సి. ఆసుపత్రికి చిత్తూరు, కడప, నెల్లూరు నుంచి వచ్చే రోగుల బంధువులకు గది అద్దెకిస్తే నెల ఖర్చు గడుస్తుందన్న ఆశ.

ఈ ఆశకు ఊపిచ్చింది ప్రభుత్వమే. 2024 జులై 22న ముఖ్యమంత్రి స్టాలిన్ స్వీయ ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించారు. 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో, 3,500 చదరపు అడుగుల లోపు, కింద ఒకటి పైన ఒకటిగా కట్టే నివాసానికి యజమానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, నిబంధనల ప్రకారం కడతానని తానే రాసిచ్చి, అప్పటికప్పుడే అనుమతి పొందవచ్చు. ముందుగా స్థలం చూడడానికి ఆఫీసరు రాడు, పరిశీలన రుసుము లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి, ఒక కాగితం బల్లమీంచి బల్లమీదికి కదలడానికి ఏం పడుతుందో నాకు తెలుసు. కనుక ఈ మార్పు మంచిదే అంటాను.

అయితే ఇందులో మనవాళ్ళు గమనించని మెలిక ఒకటుంది. ఆఫీసరు రాడంటే లంచం అడిగేవాడు రాడనే కాదు, "ఈ గోడ మోయదయ్యా" అని చెప్పేవాడూ రాడు. బాధ్యత మొత్తం సంతకం పెట్టినవాడిదే. పాత ఇంటిమీద అంతస్తు వేసేవాళ్ళు, పాత భాగానికి ప్లాను ఉందో లేదో, తమ పని ఈ పథకం కిందికి వస్తుందో రాదో మునిసిపాలిటీ కౌంటర్లో ముందే అడిగి తెలుసుకోవాలి.

ముందు గోడ సంగతి. గుడియాత్తంలో మన నేతవాళ్ళ పాత ఇళ్ళు ఎక్కువగా మట్టి అడుసుతోనో, సున్నంతోనో కట్టినవి. పైన నాటు పెంకు, లేదా మద్రాసు మిద్దె. ఇవి తమ బరువు తాము మోస్తూ ఇన్నేళ్ళు నిలబడ్డాయి. ఇప్పుడు పది అడుగులు, పదిహేను అడుగుల గది ఒకటి పైన వేస్తామనుకోండి. నాలుగంగుళాల కాంక్రీటు కప్పు ఒక్కటే సుమారు మూడున్నర టన్నులు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు పది అడుగుల ఎత్తు లేపితే మరో తొమ్మిది, పది టన్నులు. మంచాలు, బీరువా, నీళ్ళ ట్యాంకు వేరే. ఆ బరువంతా తాతగారు వేసిన పునాదిమీద కూర్చోవాలి.

2021 నవంబరు 19 మరిచిపోలేదు కదా? గుడియాత్తం పక్కనే పేర్నంబట్టులో ఆ వానలకు ఇంటి గోడ కూలి తొమ్మిదిమంది పోయారు. వాళ్ళలో నలుగురు పిల్లలు. ఆ సంవత్సరం కౌండిన్య నది, పాలారు పొంగిన తీరు చూసినవాళ్ళకు, తడిసిన పాత గోడ ఎంత మాత్రమో వేరే చెప్పాల్సిన పని లేదు. అందుకే మేస్త్రి మాట ఒక్కటీ చాలదంటాను. మేస్త్రి మంచివాడే కావచ్చు, కానీ ఆయనకు పని కావాలి. ఒక సివిల్ ఇంజనీరును పిలిచి, పునాది పక్కన గుంత తీయించి చూపించండి. ఆ ఫీజు దగ్గర వెనకాడి లక్షలు పోయడం ఏం లెక్క?

గోడ మోయదంటే దారులు లేకపోలేదు. చవకైన గది చాలాసార్లు కిందనే దొరుకుతుంది. గుడియాత్తంలో మగ్గం ఆగిపోయిన ఇళ్ళు ఎన్నో. లుంగీ నేసిన ఆ గదిలో ఇవాళ పాత సామాను పడుంది. దానికి గోడలున్నాయి, కప్పుంది, కరెంటుంది. కావలసింది మగ్గం గుంత పూడ్చడమే. ఆ పూడ్చడంలోనే తప్పు చేస్తారు. ఒక్క రోజులో మట్టి నింపి పైన టైల్స్ వేస్తే మరుసటి వానకు నేల కుంగుతుంది. కంకరమట్టి అరడుగు చొప్పున పోసి, నీళ్ళు పట్టించి, దిమ్మిస కొట్టి, కొన్నాళ్ళు వదిలి, చెమ్మ రాకుండా మందం ప్లాస్టిక్ పట్టా పరిచి, ఆపైన కాంక్రీటు వేయాలి. ఒక కిటికీ పెద్దది చేస్తే కొత్త జంటకు సరిపోయే గది. మగ్గం తీసేయడానికి ఇంట్లో పెద్దవాళ్ళ మనసు ఒప్పదు, అది వేరే కథ. పక్కసందు మూసి గది చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. వదలవలసిన ఖాళీని వదలకపోతే స్వీయ ధ్రువీకరణలో రాసిచ్చిన మాట అబద్ధమవుతుంది, గాలీ వెలుతురూ పోతాయి.

మిద్దెమీద రేకుల గది సంగతి నా అనుభవం చెబుతాను. మా వాడి పెళ్ళికి ఇనుప పైపులు, రంగు రేకులతో పైన గది వేయించాను. బరువు కొన్ని వందల కిలోలే, పని వారంలో అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. మే నెల వచ్చింది. నలభై డిగ్రీలు దాటే వేలూరు ఎండలో మధ్యాహ్నం ఆ గదిలోకి అడుగు పెట్టలేకపోయాం. కొడుకూ కోడలూ కింద హాల్లో చాప వేసుకున్నారు. "రేయ్ తమ్ముడూ, గది కట్టావా, పొయ్యి కట్టావా?" అని మా అక్క ఇప్పటికీ అంటుంది. తర్వాత రేకు కింద జానెడు ఖాళీ వదిలి సీలింగు కొట్టించి, వేడి పోవడానికి గోడల పైభాగంలో కంతలు పెట్టించి, రేకుమీద తెల్లరంగు వేయించాక కొంత నయం. మొదటే చేయించి ఉంటే రెండుసార్లు కూలి ఇచ్చే పని ఉండేది కాదు.

ఇంజనీరు ఒప్పుకుంటే, గోడలకు ఇటుక బదులు ఏ.ఏ.సి. బ్లాకులు వాడవచ్చు. అదే కొలతకు బరువు ఇటుకలో మూడోవంతే. కింద తొమ్మిదంగుళాల గోడ లేపేవాళ్ళు లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన పద్ధతి అడగండి. ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి మధ్య బోలు వదులుతారు. నాలుగోవంతు ఇటుక మిగులుతుంది, గది చల్లగానూ ఉంటుంది.

డబ్బు విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుమీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 రూపాయల బస్తా లెక్కన చూస్తే బస్తాకు 27 రూపాయలు తగ్గాలి. 150 చదరపు అడుగుల గదికి అరవై బస్తాలు అనుకుంటే పదహారు వందలు. దీనికోసం అప్పు చేసి కట్టడానికి తొందరపడక్కరలేదు. అప్పు ఎంత బరువో కూడా చూడండి. అయిదు లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, పదేళ్ళు అంటే నెలకు 6,200 రూపాయలు, మొత్తం కట్టేది దాదాపు ఏడు లక్షల నలభై నాలుగు వేలు. ప్రభుత్వ సాయం వస్తుందా అంటారా? కలైఞర్ కనవు ఇల్లం పథకం గ్రామాల్లో గుడిసెల్లో ఉన్నవాళ్ళకు, ప్రధానమంత్రి ఆవాస్ పట్టణ పథకం రెండో విడత ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్ళకు. ఉన్న ఇల్లు చాలని మధ్యతరగతి వాడి పేరు ఆ జాబితాల్లో ఉండదు.

ఇక పత్రం. నాకు అన్నిటికన్నా భయం దీనిగురించే. మన ఇళ్ళు చాలావరకు ఇంకా తాతల పేరుమీదే ఉన్నాయి. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఉంటున్నారు. ఒకడు పైన గది వేస్తే, అది ఎవరిది? కూతురిని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటాదారు చేసిన మొదటి రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్, 1985 సెప్టెంబరు నుంచి. తమిళనాడు 1989 మార్చిలో అనుసరించింది, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు మాత్రం. 2005 కేంద్ర సవరణ, దానిమీద 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, తండ్రి 2005 నాటికి బతికున్నాడా లేదా అనే ప్రశ్నే లేకుండా ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకం ఉంటే అది వేరు. పెళ్ళప్పుడు అక్కచెల్లెళ్ళకు నగలు పెట్టాం కదా అనే వాదన అక్కడ నిలవదు. గది కట్టాక అడగడం కన్నా కట్టకముందు అక్కను కూర్చోబెట్టి అడగడం మర్యాద, చవక కూడా. కుటుంబ పంపక పత్రానికి ముద్రా సుంకం ఒక్కో వాటాకు 1 శాతం, 2023 జులై నుంచి గరిష్ఠం 40,000 రూపాయలు.

ఇంకో ఇబ్బంది మనకే ప్రత్యేకం. కొన్ని ఇళ్ళ పాత దస్తావేజులు తెలుగులో ఉన్నాయి. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో మన పిల్లలకు తెలుగు దూరమైంది. మొన్న గుడియాత్తం కుర్రవాడొకడు, బాగా చదువుకున్నవాడే, ముత్తాత కొన్న ఇంటి పత్రం నా చేతికిచ్చి "తాతా, ఇందులో ఏముంది?" అన్నాడు. చదివితే తెలిసింది, ఆ ఇంటి తూర్పు గోడ పక్కింటివాళ్ళతో ఉమ్మడి అని. ఆ గోడమీదే వాడు పిల్లర్ లేపబోతున్నాడు.

ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు సంఘం ఆఫీసులో ఉంటాను. తెలుగు దస్తావేజు ఉన్నవాళ్ళు తెస్తే చదివి, తమిళంలో సారాంశం రాసిస్తాను. రిజిస్ట్రారు ఆఫీసుకు పనికొచ్చే అనువాదం కావాలంటే వకీలు దగ్గరికే వెళ్ళాలి. జిరాక్సు తెస్తే చాలు, అసలు పత్రం ఇంట్లోనే ఉంచండి.