ఉస్తాదులందరూ గురువులేనా?

మన కళాశాలలో రెండు భాషలు నిత్యమూ పక్కపక్కనే వినిపిస్తూ ఉంటాయి. ఉర్దూలో ‘ఉస్తాద్’ అన్న మాట ఉంది. విద్యలో ఆరితేరినవాడూ ఉస్తాదే, ఆ విద్యను నేర్పేవాడూ ఉస్తాదే. తెలుగులో మాత్రం ఈ ఇద్దరికీ వేర్వేరు పేర్లున్నాయి. మొదటివాడు దిట్ట, రెండవవాడు గురువు. ఒకే మాటలో ఇమిడిన ఈ ఇద్దరూ నిజంగా ఒక్కరేనా? ఈ ప్రశ్నను పరీక్షించి చూడటానికి చదరంగాన్ని మించిన రంగం లేదు. ఏలనంటే అక్కడ ఎవరెంతటివారో గెలుపోటములే తేలుస్తాయి. పలుకుబడికి చోటు లేదు.

ఇద్దరూ ఒక్కరే కాగలరనడానికి ప్రాచీనమైన నిదర్శనమే ఉన్నది. పదవ శతాబ్దపు బాగ్దాదు నగరంలో అస్-సూలీ అనే పండితుడు ఖలీఫా ఆస్థానంలో సాటిలేని చదరంగ క్రీడాకారుడు. ఆయన షత్రంజ్‌పై గ్రంథం రచించాడు. అల్-లజ్లాజ్ వంటి శిష్యుణ్ణి తయారు చేశాడు. ఆ శిష్యుడు కూడా గ్రంథకర్తయే. ఆధునిక కాలంలో రష్యాకు చెందిన బోత్వినిక్ అటువంటివాడే. ఆయన మూడు పర్యాయాలు ప్రపంచ విజేత. ఆయన పాఠశాలలో శిక్షణ పొందిన కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ముగ్గురూ తరువాత ప్రపంచ విజేతలయ్యారు.

అయితే దీనిని బట్టి గొప్ప ఆటగాడు గొప్ప గురువు కాక తప్పదని తీర్మానించడం తొందరపాటు. మార్క్ ద్వొరెత్స్కీ సంగతి చూడండి. ఆయన 1975లో ఇంటర్నేషనల్ మాస్టర్ అయినాడు గాని గ్రాండ్‌మాస్టర్ ఎన్నడూ కాలేదు. ఆయన వద్ద నేర్చుకొన్న యూసుపోవ్ 1977లోను, దోల్మతోవ్ 1978లోను యువకుల ప్రపంచ విజేతలయ్యారు. ఆయన గ్రంథాలను నేటికీ గ్రాండ్‌మాస్టర్లే శ్రద్ధగా చదువుకొంటారు. అంత దూరం పోనేల? మన తెలుగు బిడ్డ కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ ప్రాయంలోనే గ్రాండ్‌మాస్టర్ అయినది. ఆమెకు ఆట నేర్పిన తండ్రి అశోక్ గారు గ్రాండ్‌మాస్టర్ కారు.

మరి దిట్టతనానికీ బోధనకూ మధ్య అడ్డుగా నిలిచేది ఏమిటి? 1946లో డచ్చి మనస్తత్వ శాస్త్రవేత్త డి గ్రూట్ ఈ విషయాన్ని పరిశోధించాడు. అగ్రశ్రేణి ఆటగాళ్ళు ఇతరులకంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు లెక్క వేయరనీ, మంచి ఎత్తు వారి కంటికి త్వరగా ఆనుతుందనీ ఆయన గ్రహించాడు. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే ఇద్దరు మరొక ప్రయోగం ప్రకటించారు. నిజమైన ఆటలోని బలగాన్ని కొన్ని క్షణాలు చూపి తీసివేస్తే, నిపుణుడు దానిలో అధికభాగాన్ని తిరిగి అమర్చగలిగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపితే ఆ ఆధిక్యం దాదాపు మాయమైనది. అనగా నిపుణుని జ్ఞానం అతని చూపులోనే కలిసిపోయి ఉంటుంది. పాలలో కరిగిన చక్కెరను తిరిగి వేరుచేసి చూపడం ఎంత కష్టమో, ఆ జ్ఞానాన్ని మాటల్లో పెట్టడం అంత కష్టం.

ఇక్కడ మీర్ సుల్తాన్ ఖాన్ గుర్తుకు రాక మానడు. పంజాబుకు చెందిన ఈయన సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో ఒకడుగా ఇంగ్లండు వెళ్ళి, 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ ఛాంపియన్‌గా నిలిచాడు. హేస్టింగ్స్‌లో కాపబ్లాంకా అంతటివానిని ఓడించాడు. స్వదేశానికి తిరిగివచ్చి, 1966లో కన్నుమూశాడు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో గాని రాలేదు. ఆయన గ్రంథమేదీ రాయలేదు. రాయించుకొన్నవారూ లేరు. ఆడిన ఆటలు మిగిలాయి గాని, ఆ చూపు ఆయనతోనే పోయింది. ఇది మనకు నష్టం కాదా?

గొప్ప ఆటగాళ్ళ రచనలలో మనకు నిజంగా ఉపకరించినవి ఏవి? కాపబ్లాంకా ప్రపంచ విజేత అయిన 1921లోనే తన బోధనా గ్రంథాన్ని ప్రకటించాడు. పావులు కొద్దిగా మిగిలిన సులభ స్థితులతో పాఠం ప్రారంభించాడు. ఉదాహరణలుగా తాను గెలిచిన ఆటలతో పాటు ఓడిన ఆటలను కూడా చేర్చాడు. బాబీ ఫిషర్ 1969లో ఎన్నిక చేసిన అరవై ఆటలలో మూడు పరాజయాలున్నాయి. అంతటి అభిమానవంతుడు తన పొరపాటును దాచలేదు. నా అభిప్రాయంలో గురుత్వానికి మూలం ఇదే. విజయాన్ని చూపేవాడు దిట్ట. తాను దారి తప్పిన చోటును గుర్తుంచుకొని, అక్కడ చేయి పట్టుకొనేవాడు గురువు.

ఈ మాట అనడానికి నాకొక స్వంత కారణం ఉన్నది. ఎం.ఏ. పట్టాతో ఈ వృత్తిలో చేరిన మొదటి ఏడు ఛందస్సు చెబుతున్నాను. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక విద్యార్థి గణ విభజన ప్రతిసారీ తప్పుగా చేసేవాడు. “చెవికి వినబడటం లేదా?” అని విసుక్కున్నాను. అతడు తల వంచుకొన్నాడు. మరునాడు వెనుక బల్లపై అతని మిత్రుడు చెబుతూండగా విన్నాను: “నేనూ మొదట సంయుక్తాక్షరమే గురువనుకున్నాను రా. అది కాదు, దానికి ముందున్నది గురువు.” ఒక్క నిమిషంలో చిక్కు విడిపోయింది. అతడు ఏ తప్పు చేస్తున్నాడో నేను వారం రోజులలో కనుగొనలేకపోయాను. నేను ఆ తప్పు చేసి ఎన్నో ఏళ్ళయింది, మరచిపోయాను. ఆ మిత్రుడు చేసి నెల రోజులే అయింది.

కనుక పట్టాలు, పతకాలు చూసి మాత్రమే అధ్యాపకులను ఎంచుకొనే పద్ధతి సంపూర్ణం కాదని మనవి. పాండిత్యం లేని గురువు వద్దు. అది గుడ్డివాడు దారి చూపినట్లే. కాని పాండిత్యం ఒక్కటే చాలదు. ప్రియ విద్యార్థులారా, మీరు నేర్చుకొన్న ప్రతి విషయంలోను మొదట ఎక్కడ తడబడ్డారో ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. రేపు మీ తమ్మునికో చెల్లెలికో చెప్పవలసి వచ్చినప్పుడు ఆ పుటలే అక్కరకు వస్తాయి.

ఛందస్సులో హ్రస్వాక్షరం తనంతట తాను గురువు కాలేదు. వెనుక వచ్చే సంయుక్తాక్షరం వల్ల దానికి ఆ గౌరవం దక్కుతుంది. మా అధ్యాపకుల సంగతి కూడా అంతే. వెనుక వచ్చే మీ వల్లనే మేము గురువులమవుతాము.