అగ్గిపెట్టెను ఆపాం, ఫోన్‌ను అడగలేదు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో బతుకుతెరువుకు మూడే దారులని ఒక మాట ఉండేది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో పెద్దవాడు గోదావరిఖనిలో గని దిగితే, నడిపివాడు కామాటిపుర గల్లీలో ఖోలీ వెతుక్కున్నాడు, చిన్నవాడు గల్ఫ్ విమానమెక్కాడు. మూడు చోట్లా వాళ్లు పీల్చిన గాలిలో మండే గుణం ఉంది. గనిలో మీథేన్. గల్ఫ్‌లో చమురు ఆవిరి. బొంబాయిలో, ధారావి గాలాల్లో, అంటే చిన్న పనిగదుల్లో, థిన్నర్, తోలు అతికించే సొల్యూషన్.

బాయి దిగే మా పెద్దలు బీడీ, అగ్గిపెట్టె పైనే వదిలి దిగేవాళ్లు. మరిచిపోయినవాడి జేబు తడిమి చూసేవాళ్లు. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన తమ్ముళ్లు రిఫైనరీ గేటు దగ్గరే ఫోన్ ఇచ్చేసి లోపలికి పోవడం గురించి మాకు చెప్పారు. అంటే, ఒక్క నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో చెప్పగలిగినవాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు. పండక్కి కలిశాం, పక్కపక్కన కూర్చుని తిన్నాం, జీతాలు అడిగాం, పెళ్లి సంబంధాలు అడిగాం. ఆ సంగతి మాత్రం అడగలేదు. బొంబాయి తెలుగువాళ్లం మేము చేసిన తప్పు ఇక్కడే మొదలైంది.

1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిథ్ బొగ్గుగని పేలి 439 మంది కార్మికులు, కాపాడబోయిన మరొకరు చనిపోయారు. మంట ఎక్కడ పుట్టిందో ఖాయంగా తేలలేదు. కానీ గనిలో సంకేతాలకు వాడే విద్యుత్ గంట మీద అనుమానం పడింది. చిన్న బ్యాటరీతో మోగే గంట ఏం చేస్తుందిలే అని అప్పటిదాకా అనుకున్నారు. ఆ గంట తీగల్లో పుట్టే రవ్వ కూడా మీథేన్‌ను అంటించగలదని పరిశోధకులు ఆ రోజుల్లోనే నిరూపించారు. పాడైపోయినా సరే, మంట పుట్టించేంత శక్తి అసలు లోపల లేకుండా పరికరాన్ని తయారుచేయాలన్న ఆలోచన ఆ చావుల్లోంచి వచ్చింది. ఈ రోజు రిఫైనరీల్లో, మందుల కంపెనీల్లో ఇంజినీర్ల చేతిలో కనబడే ఎక్స్ (Ex) ముద్ర ఫోన్ ఆ ఆలోచన ఫలమే.

ఆ ముద్ర కింద రాసి ఉండేదాన్ని చదవడం కష్టమేమీ కాదు. గ్యాసు ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలో అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1, అరుదుగా వచ్చి కాసేపే ఉండే చోటు జోన్ 2. ప్రొపేన్‌కు సరిపోయే ఫోన్ హైడ్రోజన్‌కు, వెల్డింగ్‌లో వాడే ఎసిటిలీన్‌కు సరిపోదు. వాటికి టూసీ (IIC) గుర్తు కావాలి. టీ4 అని ఉంటే ఫోన్ ఒంటి వేడి 135 డిగ్రీలు దాటదని అర్థం. పొడి ఎగిరే చోట జోన్లు వేరు, గుర్తులు వేరు. మన దేశంలో పెట్రోలియం ఉండే చోట్లకు నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం చూడాలి. ఛార్జింగ్ ఎప్పుడైనా బయటే పెట్టాలి. గాజు పగిలిందని రోడ్డు పక్క దుకాణంలో డూప్లికేట్ స్క్రీన్ వేయించారంటే ముద్ర మిగులుతుంది, హామీ పోతుంది. ఫోన్లు విప్పి బిగించడంలో చేయి తిరిగిన మా పిల్లలకు ఈ ఒక్క ముక్క మేము చెప్పలేదు.

ఫోన్ సిగ్నల్ వల్లే పెట్రోలు బంకు పేలిందని రుజువైన సంఘటనలు దాదాపు లేవు. ఆ మాట పట్టుకుని తేలిగ్గా తీసుకున్నవాళ్లు మాలో చాలామంది. భయపడాల్సింది సిగ్నల్‌కు కాదు, ఉబ్బిన బ్యాటరీకి, నాసిరకం ఛార్జరుకు, వదులైన ప్లగ్గు దగ్గర వచ్చే రవ్వకు. థిన్నర్‌లో ఉండే టొలీన్ ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో పావు వంతు శక్తి చాలు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. ధారావి గాలాల్లో పగలు పని చేసినవాళ్లు రాత్రి అదే నేల మీద పడుకుంటారు, తలాపున ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టుకుని. ఆ గాలాలకు అద్దె వసూలు చేసినవాళ్లలో, పనివాళ్లను తెచ్చి పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం.

అక్కడ ఖరీదైన ఎక్స్ ఫోన్ కొనిస్తే సరిపోతుందని నేననను. ఫ్యాను, స్విచ్చు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అన్నీ మామూలువే అయినప్పుడు ఫోన్ ఒక్కటే సర్టిఫికెట్‌తో ఉండి లాభం లేదు. చేయాల్సిన పనులు అంతకన్నా చౌకవి: డబ్బా మూత బిగించడం, గాలి ఆడే దారి వదలడం, ఛార్జింగ్ బోర్డును గడప బయటికి మార్చడం. ఫ్యాక్టరీల చట్టం పదిమంది కన్నా తక్కువ పనిచేసే గాలాను ఫ్యాక్టరీగా చూడలేదు. చట్టం చూడని చోటును బంధువులమైన మేమైనా చూడాల్సింది.

రిఫైనరీల పెద్ద గేట్ల లోపల మాకు ఆ సాకూ లేదు. భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పని గురించి కార్మికుడికి ముందే చెప్పి తీరాలన్నారు. మాలో మేస్త్రీలున్నారు, ఠేకేదార్లున్నారు, సేఫ్టీ ఆఫీసర్లయిన పిల్లలున్నారు. షట్‌డౌన్ పనికి మనుషుల్ని లెక్కపెట్టి లోపలికి పంపేటప్పుడు ఇంజినీర్‌కు ఎక్స్ ఫోన్, కూలీకి సంతకం పెట్టడానికి ఒక కాగితం. ఆ కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించలేదు. 2018 ఆగస్టు 8న బొంబాయి మాహుల్ రిఫైనరీలో పేలుడుకు చెంబూరు దాకా అదిరింది. ఆ రాత్రి మావాళ్లు క్షేమమేనా అని ఫోన్లు చేసుకున్నాం. తెల్లారి మళ్లీ మనుషుల్ని లెక్కపెట్టాం.

ఏటా ఏప్రిల్ 14న మా చాళ్లలో అంబేడ్కర్ జయంతికి దండలు, ఊరేగింపులు ఉంటాయి. అదే తేదీన 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలింది. పత్తి బేళ్లనూ పేలుడు పదార్థాలనూ ఒకే ఓడలో నింపారు. వందలమంది చనిపోయారు. దేశమంతా జరిపే అగ్నిమాపక దినం ఆ చావుల జ్ఞాపకమే. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది బాబాసాహెబే. ఆయన బొమ్మ కింద నిలబడి పని చోట భద్రత గురించి ఒక్క గంట మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తగిన రోజు ఏముంది? సంఘాలు నడిపిన మేము లౌడ్‌స్పీకర్ అద్దె గురించి మాట్లాడుకున్నాం.

2025 మార్చి 24 రాత్రి ధారావిలో గ్యాసు సిలిండర్ల లారీ అంటుకుని బండలు ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే, వెనక్కి పరుగెత్తాల్సిన జనం ఫోన్లెత్తి వీడియోలు తీశారు. ఆ వీడియోలను ఊళ్లకు పంపినవాళ్లం మేమే.

మూడు నెలలు గడిచాయి. జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. ఒకప్పుడు బొంబాయి మాకు ఏమయిందో ఇప్పుడు మా జిల్లాలు వాళ్లకు అదయ్యాయి. పరాయి ఊళ్లో, రాని భాషలో, తెలియని ప్రమాదం పక్కన పనిచేయడం ఎలా ఉంటుందో తరతరాలుగా ఎరిగినవాళ్లం మేము. కోటి రూపాయల పరిహారం ప్రకటించారని విన్నాం, అది అందరికీ అందుతుందా లేదా అని వాదించుకున్నాం. గాలిలో ఎగిరే పొడి కూడా పేలగలదని హిందీలోనో ఒడియాలోనో వాళ్లకు ముందుగా ఎవరైనా చెప్పారా అని మాలో ఒక్కరమూ అడగలేదు.