బాగుచేయడం వేరు, కప్పిపుచ్చడం వేరు

ఈ శీర్షికకు ఒక సోదరుడు రాసిన ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఆయన పండ్ల వ్యాపారి. పదమూడేళ్ల నాటి పికప్ వాహనమే ఆ కుటుంబానికి జీవనాధారం. వడ్డీతో కూడిన ఫైనాన్సు మీద కొత్త వాహనం కొనడానికి మనస్సు అంగీకరించక, ఉన్నదానితోనే నెట్టుకొస్తున్నారు. ఇంజను బాగానే ఉంది. క్యాబిన్ మాత్రం శిథిలమైంది: సీటు కుంగిపోయింది, డోర్ ప్యాడ్లు ఊడి వేలాడుతున్నాయి, వాన పడితే కాళ్ల దగ్గర నీరు నిలుస్తోంది. సెలవు రోజుల్లో కుమారుణ్ణి తోడు తీసుకొని స్వయంగా బాగుచేసుకోవాలని ఆయన ఉద్దేశం. ఇటువంటి వాటిపై డబ్బూ సమయమూ వెచ్చించడం దుబారా అవుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఒకటి రెండేళ్ల తరువాత అమ్మదలిస్తే, లోపలి భాగాన్ని అందంగా తీర్చిదిద్ది అమ్మడంలో దోషముందా అన్నది రెండవది.

రెండు ప్రశ్నలూ ఆ ఒక్క సోదరునివే కావు. మన బస్తీలలో ఎన్నో ఇళ్లు ఇటువంటి పాత వాహనాల మీదే బతుకుతున్నాయి. అందుచేత కొంత వివరంగానే సమాధానం చెప్పుకుందాం.

వాహనం దైవానుగ్రహం

దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో అల్లాహ్ పశువులను తన అనుగ్రహాలుగా పేర్కొన్నాడు. ఎంతో శ్రమపడితే తప్ప మీరు చేరలేని ప్రాంతాలకు అవి మీ బరువులను మోసుకుపోతాయని గుర్తుచేశాడు. గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు స్వారీకి మాత్రమే గాక శోభకు కూడా సృష్టించబడ్డాయని ఆ వెంటనే సెలవిచ్చాడు. మామిడి, బత్తాయి బుట్టలను మార్కెట్టుకు చేర్చే నేటి పికప్‌కు కూడా ఈ భావం వర్తిస్తుంది. వాహనం శుభ్రంగా, చూడముచ్చటగా ఉండాలని కోరుకోవడం నిందించదగిన విషయం కాదు. హద్దు దాటడమే నిందనీయం.

ఇక స్వయంగా పని చేసుకోవడం ప్రవక్తల సంప్రదాయం. దైవప్రవక్త (స) ఇంట్లో తమ చెప్పులు తామే బాగుచేసుకొనేవారని, బట్టలు తామే కుట్టుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. జకరియ్యా (అ) వడ్రంగి అని సహీహ్ ముస్లింలోని హదీసు చెబుతోంది. దావూద్ (అ)కు అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాల తయారీ నేర్పి, కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించినట్లు సబా సూరాలో ఉంది. చేతిపని నీచమని గాని, ఎలాగోలా అయిందనిపిస్తే చాలునని గాని భావించేవారు ఈ ఆయతుపై యోచించాలి.

దుబారా ఏది?

అక్కరకు మించి ఖర్చు చేయడం ఇస్రాఫ్. అక్కర ఉన్నచోట ఖర్చు చేయకపోవడం కూడా మెచ్చుకోదగినది కాదు. రోజుకు ఎనిమిది, పది గంటలు కుంగిన సీటుపై కూర్చొని నడిపేవానికి నడుము నొప్పి తప్పదు. శరీరానికి కూడా నీపై హక్కు ఉందని ప్రవక్త (స) అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. కాబట్టి సీటు ఫోము మార్చడం దుబారా కాదు. సరిగా మూసుకోని తలుపు, పైకి లేవని అద్దం, చీకట్లో వెలగని మీటరు దీపం బాగుచేయడం బాధ్యత. ఇంటి ఖర్చుకు కటకటగా ఉన్నప్పుడు రంగురంగుల దీపాల వరుసలకు, చెవులు చిల్లులుపడే స్పీకర్లకు వేలు పోయడమే దుబారా.

పని ఏ వరుసలో చేయాలి?

చాలామంది కొత్త సీటు కవర్లతో, కొత్త మ్యాటుతో పని మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. మొదట నీరు ఎటునుంచి వస్తున్నదో కనిపెట్టాలి. కుమారుణ్ణి లోపల కూర్చోబెట్టి, బయట మీరు పైపుతో నీరు నెమ్మదిగా వదలండి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళితే, ఏ చోట తడపగానే లోపల చెమ్మ కనిపించిందో అక్కడే లోపమున్నట్లు తెలుస్తుంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగలడం, తలుపు బీడింగు నలిగిపోవడం, వైపర్ల కింద నీరు పోయే దారిలో ఆకులు పేరుకోవడం, ఇవే తరచు కనిపించే కారణాలు. తలుపు అడుగు అంచున ఉండే సన్నని రంధ్రాలు మట్టితో పూడుకుపోతే తలుపు లోపలే నీరు నిలిచి తుప్పు పడుతుంది. ఒక తీగతో వాటిని శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు.

తరువాత పాత మ్యాటు, దాని కింది ఫెల్టు పూర్తిగా తీసి ఎండబెట్టాలి. నేల రేకు మీది తుప్పును వైరు బ్రష్షుతోను, ఎమరీ కాగితంతోను లోహం మెరిసేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పట్టించి, అది బాగా ఆరిన తరువాత పెయింటు వేయాలి. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే రేకు చిల్లుపడే స్థితిలో ఉంటే, అది ఇంట్లో చేసే పని కాదు; వెల్డింగు తెలిసినవారికే అప్పగించాలి. తుప్పు మీదే కొత్త మ్యాటు పరిస్తే, దాని అడుగున చెమ్మ చిక్కుకొని రేకు మునుపటి కంటే వేగంగా తినేయబడుతుంది.

డోర్ ప్యాడు విప్పేటప్పుడు క్లిప్పులు విరగకుండా, వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీతో అంచుల వెంట కొద్దికొద్దిగా లేపాలి. లోపల అంటించి ఉన్న పాలిథిన్ షీటును చించి పారేయకండి. తలుపులోకి దిగిన వాననీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. ప్యాడు విప్పి ఉన్నప్పుడే అద్దం మెషీన్‌కు గ్రీజు పెట్టి, షీటును మళ్లీ జాగ్రత్తగా అంటించాలి.

సీటు ఫోము కొలత ప్రకారం కోయించుకొని, కింది స్ప్రింగులు విరిగాయేమో చూసి, రెక్సిన్ కవరు వేయాలి. ఇంట్లో కుట్టుమిషను ఉన్న సోదరీమణులు దళసరి సూది, నైలాన్ దారం వాడి తామే కుట్టగలరు. కుషన్ వర్క్స్ వారికి ఇచ్చే కూలి మిగలడమే గాక, కుటుంబమంతా చేసిన పని అవుతుంది. సీటు తిరిగి బిగించేటప్పుడు పట్టాల బోల్టులు నాలుగూ పూర్తిగా బిగుసుకున్నాయో లేదో రెండుసార్లు చూసుకోవాలి.

చేయి పెట్టరాని చోట్లు

వైరింగు ముట్టుకొనే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయాలి. పని ముగిశాక అన్నిటికంటే చివర దానినే బిగించాలి. ఫ్యూజు మాడితే అదే ఆంపియరు గల ఫ్యూజే వేయాలి. మాటిమాటికీ మాడుతున్నదని పది ఆంపియర్ల చోట ఇరవైది పెట్టడం, లేదా రాగి తీగ చుట్టడం వాహనాన్ని మంటకు అప్పగించడమే. ఫ్యూజు మాడడం లోపానికి సూచన. ఆ లోపాన్ని వెతకాలి. చీలిన సీటు బెల్టును కుట్టి వాడరాదు, మార్చాలి. బ్రేకులు, స్టీరింగు నమ్మకస్థుడైన మెకానిక్‌కే వదిలిపెట్టాలి. ఈ చోట్ల పొరపాటు జరిగితే నష్టం మన ఇంటితో ఆగదు. రోడ్డు మీద పోయే ప్రతి మనిషి ప్రాణం మన చేతిలో అమానతు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష నిర్ణయించింది కూడా ఈ ప్రాణరక్షణ కోసమే. దానిని లంచంతో దాటవేయడం రెండు పాపాలను మూటగట్టుకోవడం.

అలంకరణ గురించి ఒక్క మాట. దిష్టి తగలకూడదని నిమ్మకాయలు, మిరపకాయలు, నల్ల తాళ్లు కట్టడం తౌహీద్ విశ్వాసానికి తగని పని. ఖుర్ఆన్ ఆయతుల స్టిక్కర్లు దుమ్ము పేరుకొనే చోట, కాళ్లు తగిలే చోట అంటించడం అగౌరవం. వాహనమెక్కేటప్పుడు చదవవలసిన దుఆను జుఖ్రుఫ్ సూరా మనకు నేర్పింది. దీనిని మన వశం చేసుకొనే శక్తి మనకు లేదని, వశపరచినవాడు పరమపవిత్రుడని, చివరికి మన ప్రభువు వైపుకే మరలిపోవాలని దాని భావం. అది డ్యాష్‌బోర్డు మీద ఉండడం కంటే నాలుక మీద ఉండడం మేలు. సీటు వెనుక ఒక జానమాజ్, వుజూకు ఒక నీళ్ల క్యాను పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి అలంకరణ.

అమ్మేటప్పుడు

ఇక రెండవ ప్రశ్న. ఉన్న లోపాన్ని నిజంగా తొలగించి, శుభ్రపరచి, మంచి ధర ఆశించడంలో ఏ దోషమూ లేదు. అది మీ శ్రమకు ప్రతిఫలం. లోపాన్ని అలాగే ఉంచి, కనబడకుండా పైన అందం పరచడం హరామ్. చేతి కదలిక రెండు చోట్లా ఒకటే. అదే మ్యాటు, అదే రంగు, అదే రెక్సిన్. సంకల్పం వేరు, ఫలితం వేరు.

దైవప్రవక్త (స) కాలంలో కొందరు మేకలను, ఒంటెలను అమ్మే ముందు కొన్నాళ్లు పాలు పితకకుండా వదిలేసేవారు. పొదుగు నిండుగా కనిపించి కొనేవాడు మోసపోయేవాడు. ప్రవక్త (స) దీనిని నిషేధించారు. అలా మోసపోయి కొన్నవానికి దానిని ఉంచుకొనే, తిప్పి ఇచ్చే స్వేచ్ఛ ఇచ్చారు. తిప్పి ఇచ్చే పద్ధతి వివరాలలో ఇమాముల మధ్య భేదం ఉన్నా, ఆ పని పాపమన్న విషయంలో భేదం లేదు. మరొకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడు మాతో సంబంధం లేనివాడన్న భావంతో హెచ్చరించారు. వాన కురిపించడం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిని అడుగున దాచడమే అతని తప్పు. తుప్పు పట్టిన నేలపై కొత్త మ్యాటు పరచి అమ్మేవాడు చేసేది కూడా ఇదే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీట మునిగాయి. ఇటువంటి వరదల తరువాత మునిగిన వాహనాన్ని ఆరబెట్టి, పరిమళం చల్లి, కొత్త కవర్లు తొడిగి అమ్మాలన్న ప్రలోభం కలగడం సహజం. కొనే సోదరులు సీటు బెల్టును చివరి దాకా బయటకు లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరక ఉందేమో పరిశీలించండి. మ్యాటు ఎత్తి మూలల్లో ఒండ్రు, సీటు పట్టాల కింద తుప్పు, వైర్ల కనెక్టర్లలో పచ్చని పొక్కు ఉన్నాయేమో చూడండి. అమ్మే సోదరులు మాత్రం కొనేవాడు ఇవన్నీ వెతికే అవసరం రాకుండా ముందే చెప్పేయాలి. కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. అది రాతపూర్వకమైన అబద్ధం.

మన ఫిఖ్హ్‌లో కొనుగోలుదారుకు ఖియారుల్ ఐబ్ అనే హక్కు ఉంది. అమ్మకానికి ముందే ఉన్న లోపం, తాను ఎరుగనిది, తరువాత బయటపడితే వస్తువు తిప్పి ఇచ్చి ధర వాపసు అడగవచ్చు. లోపం తెలిసి ఒప్పుకొని కొంటే ఆ హక్కు ఉండదు. అంటే లోపం ముందే చెప్పడం అమ్మేవాని రక్షణకు కూడా మార్గమే. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నానని గట్టిగా చెప్పి నోరు మూయించినవాడు పెద్దమనుషుల పంచాయితీలో గెలవవచ్చు. తెలిసి దాచిన సంగతికి ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసిందే.

ఒక ఆచరణీయమైన సలహా. ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ తేదీన ఏ మరమ్మతు చేశారో, ఏ భాగం మార్చారో, ఏ లోపం ఇంకా మిగిలి ఉందో రాస్తూ, బిల్లులు దానికే జతచేయండి. అప్పుల లావాదేవీలు రాసిపెట్టుకోవాలని ఆదేశించిన ధర్మం మనది. ఈ అలవాటు ఆ స్ఫూర్తికి తగినదే. అమ్మేనాడు ఆ పుస్తకాన్ని కొనేవాని చేతికివ్వండి. ఎడమ వైపు నేల రేకుకు వెల్డింగు చేయించామని అందులో చదివి అతడు ధర కొంత తగ్గించవచ్చు. ఆ తగ్గింపును నష్టంగా భావించకండి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచివేయబడుతుందని హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది.

పక్కన నిలబడి పానా అందించే కుమారుడు తండ్రి నుంచి రెండు విద్యలు నేర్చుకుంటాడు. ఒకటి మరమ్మతు. రెండవది, తుప్పు కనిపించినప్పుడు తండ్రి దానిని రుద్ది తీశాడా, లేక మ్యాటు కింద దాచాడా అన్నది. మొదటిది మరచిపోయినా ఆ పిల్లవాడు రెండవదాన్ని జీవితాంతం మరువడు.

మన చేతిపనిలో నైపుణ్యాన్ని, మన వ్యాపారాలలో నిజాయితీని, మన సంపాదనలో బర్కత్‌ను, మన ప్రయాణాలలో క్షేమాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.